ఎక్కించండి, తిప్పకండి

పండక్కి ఊరొచ్చిన పిల్లలు రెండు రోజులు ఇంటిపట్టున ఉంటారు. మూడోరోజు టిఫిన్ల దగ్గర మొదలవుతుంది. "ఇక్కడ బాబుకి ఏం తోస్తుంది నాన్నా, వైజాగ్ తీసుకెళ్తాం." బాబు అంటే మా మనవడు, రెండేళ్ళు నిండీ నిండనివాడు. అప్పటికే వాడు పెరట్లో కోడిపెట్ట వెనకాల పొద్దెక్కేదాకా తిరిగాడు. నూతిగట్టు కింద బురదలో కాళ్ళు ముంచాడు. పక్కింటి దూడ తోక పట్టుకోబోయి వాళ్ళ నాయనమ్మ చేత కేకలు తిన్నాడు. తోచడం లేదని వాడు ఎవరితో చెప్పాడో నాకు తెలీదు. తోచనిది వాళ్ళ నాన్నకి. ఆ మాట సొంత పేరు మీద అనడానికి మొహమాటం అడ్డొచ్చి, మాటలు రానివాడి పేరు వాడుకుంటాడు.

మాది రోలుగుంట. చోడవరం మీదుగా కొత్తకోట వైపు వచ్చి నర్సీపట్నం పోయేవాళ్ళకి తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని అనకాపల్లి జిల్లాలో వేశారు. నా నోటికి మాత్రం ఇంకా విశాఖ జిల్లా అనే వస్తుంది. వరి, చెరకు, జీడిమామిడి తోటలు, వెనకాల కొండలు. ఇలాంటి చోట పిల్లల్ని ఆడించడానికి ఏమీ లేదనే మాట మా నాన్న కాలంలో ఎవరూ అనగా నేను వినలేదు.

మా రోజుల్లో నేనెక్కిన మొదటి బండి చెరకు గానుగ. ఇప్పటివాళ్ళకి గానుగ అంటే మోటారు, బెల్టు, బరబరా చప్పుడు. అప్పుడు ఎడ్ల గానుగ. కళ్ళం మధ్యలో నిలువుగా మూడు ఇనప రోలర్లు, వాటి నెత్తిన పొడుగాటి దూలం, దూలం కొసకి కాడి, కాడికి జత ఎడ్లు. ఎడ్లు గుండ్రంగా తిరుగుతుంటే రోలర్లు తిరిగేవి. ఒకడు కింద కూర్చుని చెరకు గడలు అందించేవాడు. రసం కారి కుండలో పడేది. ఆ రసం పెనంలో పోసి తెల్లార్లూ బెల్లం వండేవాళ్ళు. సంక్రాంతి చలిలో ఆ పొయ్యి దగ్గర చోటు కోసం పెద్దాళ్ళూ పిల్లలూ పోటీ పడేవాళ్ళు.

దూలం కొసన, ఎడ్ల వెనకాల, ఒక మనిషి కూర్చునేంత జాగా ఉండేది. ఎడ్లు తోలేవాడు అక్కడ కూర్చునేవాడు. వాడి ఒళ్ళో ఇంట్లో చిన్నపిల్లాడు. ఎద్దు ఎంత నడిస్తే అంతే వేగం. దానికి తొందరుండదు కదా. మధ్యలో పేడ వేయాలంటే ఆగుతుంది, చెరకాకు కనిపిస్తే మూతి చాస్తుంది. పిల్లాడు ఏడిస్తే తోలేవాడు "హో" అనేవాడు, ఎడ్లు నిలబడిపోయేవి. పిల్లాణ్ణి దింపి, మూతికింత వేడి బెల్లం రాసి, మళ్ళీ తోలుకునేవాడు. ఇప్పటి ఏ పార్కులో ఏ యంత్రమైనా పిల్లాడి ఏడుపు విని ఆగిందేమో చెప్పండి, ఈ కాగితం ఇక్కడే చింపేస్తాను.

అంతా బంగారమేం కాదు. ఆ రోలర్లలో చేతులు పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు చెరకు పండే ఊళ్ళలో ఉండేవాళ్ళు. అందుకే పాకడం వచ్చిన పిల్లాణ్ణి నేలమీద వదిలేవాళ్ళు కాదు. దూలం మీద కూర్చోబెడితే రోలర్లకి దూరంగా, ఒక మనిషి చేతుల్లో ఉంటాడు. కూలిపని చేసే ఇళ్ళలో పిల్లాణ్ణి కాచుకునే ఉపాయం అది. సరదా దానికి కొసరు.

ఇక తీర్థాలు. సంక్రాంతి వెళ్ళాక మా వైపు ఏదో ఒక ఊళ్ళో తీర్థం జరుగుతూనే ఉంటుంది. ఇవాళ ఈ ఊరు, ఎల్లుండి ఆ ఊరు. శివరాత్రికి బలిఘట్టం, వరాహనది ఒడ్డున. కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ జాతర, అక్కణ్ణుంచి నెలరోజులు. తీర్థానికి వెళ్ళే పిల్లలకి పెద్దాళ్ళు చేతిలో తీర్థం డబ్బులు పెట్టేవాళ్ళు. చంటిపిల్లాడికి కూడా పెట్టేవాళ్ళు, వాళ్ళమ్మ కొంగుకి కట్టుకునేది. జీళ్ళు, కర్జూరం, బూర, ఓ ఏటికొప్పాక బొమ్మ. ఏటికొప్పాక మాకు ఎంతో దూరం కాదు, అదీ వరాహనది ఊరే. అంకుడు కర్రని తరిమెన పట్టి, లక్కలో రంగు కలిపి తిప్పుతూ పూస్తారు. ఆ రంగులు గింజల నుంచీ బెరళ్ళ నుంచీ తీసేవి. రెండేళ్ళవాడు ఏ బొమ్మ ఇచ్చినా ముందు నోట్లోనే పెట్టుకుంటాడు కాబట్టి ఆ సంగతి తల్లులకి ముఖ్యం. మధ్యలో రసాయన రంగులు దిగితే, మళ్ళీ చెట్ల రంగుల వైపు మళ్ళించడానికి సి.వి. రాజు గారు ఏళ్ళ తరబడి పనిచేశారు. 2023లో పద్మశ్రీ ఇచ్చారు. బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డేకి మన రాష్ట్ర శకటమే ఏటికొప్పాక బొమ్మలు. ఢిల్లీలో చప్పట్లు కొట్టారు. మా మనవడి గదిలో మాత్రం బ్యాటరీ వేస్తే ఇంగ్లీషులో పాడే ప్లాస్టిక్ కారు ఉంది.

తీర్థంలో రంగులరాట్నం ఉండేది. దాని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, నా గోలంతా అక్కడే ఉంది. నాలుగు చెక్క పెట్టెలు, రెండు దుంగలు, మధ్యలో ఇరుసు, తిప్పడానికి ఇద్దరు మనుషులు. పెట్టెలన్నీ నిండితే గానీ తిప్పరు. ఒక పెట్టెలో మనుషులుండి ఎదురు పెట్టె ఖాళీగా ఉంటే బరువు ఒరిగిపోతుంది, తిప్పేవాళ్ళ రెక్కలు విరుగుతాయి. అందుకని నలుగురు ఎక్కాక మరో నలుగురి కోసం "రండి బాబూ రండి" అని కేకలు. ఆ ఖాళీలో చంటిపిల్లల్ని కింది పెట్టెలో కూర్చోబెట్టేవాళ్ళు. రాట్నం కదలదు. గాలికి పెట్టె కొద్దిగా ఊగుతుంది, అంతే. పిల్లాడు రెండు చేతులా అడ్డకర్ర పట్టుకుని, కింద నిలబడ్డ తాతని, అమ్మని, జీళ్ళ కొట్టువాణ్ణి రాజుగారిలా చూసేవాడు. జనం పోగయ్యాక పిల్లాణ్ణి దింపి పెద్ద పిల్లలు ఎక్కేవాళ్ళు. దానికి డబ్బులు పుచ్చుకునేవాళ్ళు కాదు. పైగా కూర్చున్న పిల్లాణ్ణి చూసి మరో పిల్లాడి తల్లి ఆగేది, అది వాళ్ళకి బేరం.

రెండేళ్ళవాడికి ఎక్కడమే సరదా. తిరగడం కాదు. ఎత్తుగా కూర్చోవాలి, చేత్తో పట్టుకోడానికి ఏదో ఉండాలి, తెలిసిన మొహం ఎదురుగా కనిపించాలి. ఆ పైన జరిగేదంతా వాడికి అనవసరం. ఇది ఆ రాట్నం తిప్పేవాళ్ళకి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

మొన్న వేసవిలో మావాడు విశాఖలో ఒక ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళాడు. పేరెందుకు, అన్నీ ఒకటే. లోపలికి టికెట్, లోపల ప్రతిదానికీ మళ్ళీ టికెట్. రెండు వైపుల నుంచీ రెండు సినిమా పాటలు, రెండూ గొంతు చించుకుని. బాబు వాళ్ళ నాన్న మెడ కరుచుకుని ఉన్నాడు. "భలే ఎంజాయ్ చేస్తున్నాడు" అంది కోడలు, ఫోన్ తీస్తూ.

డ్రాగన్ మొహం ఉన్న పిల్లల రైలు ఒకటుంది. ముందు పెట్టెలో స్టీరింగు చక్రం. వాణ్ణి అందులో కూర్చోబెట్టేసరికి మొహం వెలిగిపోయింది. చక్రం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, బీప్ బీప్ అన్నాడు. నా వైపు చెయ్యి కూడా ఊపాడు. అప్పుడు మీట వేశారు. రైలు ఒక్క కుదుపు కుదిపి గుండ్రంగా లేచింది, పల్లంలోకి దిగింది. వాడు గుక్కపట్టాడు. "ఒరే, ఆపరా బాబూ, పిల్లాడు జడుసుకున్నాడు" అని అరిచాను. మీట దగ్గరున్న కుర్రాడు చేతులు చూపించాడు. "టైమర్ ఉంది తాతగారూ, అదే ఆగుద్ది." అదే ఆగిందాకా చూశాం. ఆగాక చిత్రం చూడండి, వాడు ఏడుపు మింగి మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాడు. దింపబోతే కాళ్ళు బిగబట్టుకున్నాడు. నిలబడిన రైలు వాడికి కావాలి. "డబ్బులిస్తాను, తిప్పకుండా ఇంకాస్సేపు కూర్చోనీ" అన్నాను. కుర్రాడు నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. వెనకాల క్యూ ఉంది, వాడి తప్పు కాదులెండి. కానీ వాడికి డబ్బులిచ్చేవాళ్ళ లెక్కలో కూర్చోవడానికి ధర లేదు, తిరగడానికే ఉంది.

ఆ రాత్రి బాబు రెండుసార్లు ఉలిక్కిపడి లేచాడు. మా ఆవిడ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. కొడుకు నవ్వాడు. నవ్వనీ. వీడియోలో ఏడుపు రాకుండా మొదటి ముక్క మటుకు కత్తిరించి బంధువులందరికీ పంపారు. అందరూ "సో క్యూట్" అన్నారు.

పెద్ద చక్రాలంటే నాకు విరోధం అనుకోకండి. 1893లో చికాగో ప్రదర్శనకి ఫెర్రిస్ అనే ఇంజినీరు కట్టిన మొదటి పెద్ద చక్రం 264 అడుగుల ఎత్తు. 36 పెట్టెలు, ఒక్కో దాంట్లో 60 మంది పట్టేవాళ్ళు. అంత చక్రం రెండు చుట్లు తిరగడానికి 20 నిమిషాలు పట్టేది. లండన్‌లో 2000లో జనాన్ని ఎక్కించడం మొదలెట్టిన చక్రం 135 మీటర్లు, ఒక్క చుట్టుకి అరగంట. అందులో చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడి ఊరు చూపించొచ్చు. మన ఎగ్జిబిషన్ చక్రం వాటి మోకాలి ఎత్తు కూడా ఉండదు, తొందర మాత్రం పదింతలు. ఎంత త్వరగా తిప్పి దింపితే అంత త్వరగా ఇంకో టికెట్.

ఆ తొందర పిల్లాడి ఒంటికి ఎందుకు పడదో చూస్తే తెలుస్తుంది. రెండేళ్ళవాడి తల ఒడ్డూపొడుగులో ఐదో వంతు ఉంటుంది. మనకైతే ఏడెనిమిదో వంతు. అంత బరువు తల, దాని కింద ఇంకా గట్టిపడని మెడ. సీట్లో కూర్చుంటే కాళ్ళు నేలకి అందవు కాబట్టి తన్నిపెట్టుకోలేడు. కుదుపు వస్తుందని ముందే తెలిసి బిగుసుకోడానికి వాడికి ఊహ తెలీదు. ఇక "మా ఒళ్ళో కూర్చుంటాడులే" అనే ధైర్యం ఒకటి. అడ్డంగా దిగే ఆ ఇనప కమ్మీ పెద్దవాడి తొడల మీద ఆగిపోతుంది. పిల్లాడికీ దానికీ మధ్య జానెడు సందు. గానుగ దూలం మీద ఒళ్ళో కూర్చోవడం వేరు, ఇది వేరు. అక్కడ ఎద్దు నడక, ఇక్కడ యంత్రం విసురు. ఆ విసురులో మనిషి చేతుల పట్టు ఏపాటిది?

మన వాళ్ళు కళ్ళారా చూడకపోలేదు. 2018 మేలో అనంతపురం ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ పెట్టె ఊడిపడి పదేళ్ళ పాప పోయింది. మరుసటి ఏడు జులైలో అహ్మదాబాదు కాంకరియా దగ్గర ఊగే యంత్రం విరిగిపడి ఇద్దరు పోయారు. పేపర్లో వస్తుంది, నాలుగు రోజులు తనిఖీలంటారు, ఐదో రోజు మళ్ళీ పాటలు పెడతారు. మా కాలపు చెక్క రాట్నాలకి తనిఖీ కాయితాలు లేవు, నిజమే. బెల్టులూ లేవు. పడ్డవాళ్ళు పడ్డారు. కానీ తిప్పేవాడు ఆ ఊరివాడో పక్క ఊరివాడో. పిల్లాడు పడితే రేపు ఆ దారిన ఎలా పోవాలన్న భయం వాడికుండేది. అంతకన్నా గట్టి తనిఖీ అధికారి నాకింతవరకూ కనపడలేదు.

చంటిపిల్లల్ని కూడా తిప్పే ఈ పిచ్చికి మూలం ఎక్కడో కూడా చెబుతాను. వాల్ట్ డిస్నీ తన కూతుళ్ళని లాస్ ఏంజిలిస్‌లో గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళి, వాళ్ళు గుర్రాల రాట్నం ఎక్కుతుంటే తను బెంచీ మీద కూర్చునేవాడట. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఉంటే బావుణ్ణని అక్కడ తోచిందని ఆయనే చెప్పాడు. 1955 జులై 17న డిస్నీలాండ్ తెరిచారు. గొప్ప పనే. కాకపోతే ఆ రోజునుంచీ బెంచీ మీద కూర్చోవడం చేతకానితనం అయిపోయింది. నాన్న కూడా ఎక్కాలి, అమ్మ కూడా ఎక్కాలి, చంటివాడు మిగిలిపోకూడదు కాబట్టి వాణ్ణీ లాక్కుపోవాలి. తమాషా ఏమిటంటే ఆ డిస్నీ వాళ్ళే ఇప్పుడు ఎత్తు చాలని పిల్లాణ్ణి పెద్ద రైడ్ల దగ్గరికి రానివ్వరు. ఒకరు పిల్లాడితో కిందుంటే మరొకరు ఎక్కి వస్తారు. తర్వాత కింద ఉన్నవాళ్ళు మళ్ళీ పెద్ద క్యూ కట్టనక్కర్లేకుండా ఎక్కొచ్చు. మా తమ్ముడి కూతురు ఆర్లెండోలో ఉంటుంది. ఇదో గొప్ప ఏర్పాటని ఫోన్లో అరగంట చెప్పింది. అమ్మా, తీర్థంలో పిల్లాణ్ణి చంకనేసుకుని చెట్టుకింద కూర్చున్న మీ నాయనమ్మ చేసిందేమిటి? ఆవిడకి ఎవరూ పేరు పెట్టలేదు, అంతే తేడా.

మంచిదాన్ని మంచిదనడానికి నాకేం అడ్డు లేదు. విశాఖలోనే కైలాసగిరి మీద బుల్లి రైలు నాకిష్టం. కొండచుట్టూ నెమ్మదిగా పోతుంది, ఒకపక్క సముద్రం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఆ కొండమీద చెట్లన్నీ పడగొట్టినప్పుడు మా ఊళ్ళో తోటలు పోయినంత బాధపడ్డాను. 1977లో తెరిచిన జూ ఉంది, అక్కడ నడవడానికి బోలెడు నీడ. అలాంటి చోట్లకి తీసుకెళ్ళమంటే, "అవి పాతవి నాన్నా" అంటాడు. రెండేళ్ళవాడికి పాతదేమిటి? వాడికి నిన్నటి కాకి కూడా కొత్తదే.

ఇప్పుడు దసరాకి హైదరాబాదు రమ్మంటున్నారు. రావిర్యాల దగ్గర 2016లో పెట్టిన వండర్‌లా పార్కుకి వెళ్ళాలని కార్యక్రమం. అక్కడ పిల్లల్ని వయసుతో కాదు, ఎత్తుతో లెక్కేస్తారట. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. ఈ ఒక్క మాటకి నేను దండం పెడతాను. అమ్మా నాన్నా తాతా ఎవరు చెప్పినా వినని కాలంలో గోడకి గీసిన గీత మాట వింటున్నారు. గీతతో ఎవరూ వాదించరు, గీతకి మొహమాటం లేదు.

కోడలు బాబుని తలుపుకి ఆనించి, నెత్తిన పుస్తకం పెట్టి కొలిచింది. 84. "అయితే ఫ్రీ నాన్నా!" అని మావాడు ఎగిరి గంతేశాడు. సంపాదించేది బెంగుళూరు జీతం, ఆనందం మాత్రం ఆ టికెట్ దగ్గర. రెండేళ్ళు నిండిన మగపిల్లాడి మధ్యస్థ ఎత్తు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో 87 సెంటీమీటర్లు. బాబు కాస్త పొట్టి, వాళ్ళమ్మ తరఫు పోలిక. అయినా ఈ వయసులో నెలనెలా పెరుగుతారు. దసరా నాటికి గీత దాటేస్తాడు, టికెట్ కొనాల్సిందే. ఆ మాట అంటే, "మీరు వాడికి ఇప్పుడే బెల్లం, నెయ్యి దట్టించకండి మావయ్యా" అంది కోడలు. నవ్వుతూనే అందిలెండి.

"మీరు వస్తారా, రారా?" అని అడిగింది. రాకేం? గోదావరి ఎక్స్‌ప్రెస్ అనకాపల్లిలో ఎక్కుతాను, కింది బెర్తు తీయించమన్నాను. వాళ్ళిద్దరూ ఏ ఆకాశానికైనా ఎక్కి తలకిందులుగా వేలాడనీ, నాకు అభ్యంతరం లేదు. బాబు నా దగ్గరుంటాడు. ఏ బస్టాండులోనైనా ఆగి ఉన్న బస్సు ఉంటుంది కదా, డ్రైవరు టీ తాగొచ్చేలోపు స్టీరింగు దగ్గర పిల్లాణ్ణి ఒక్క పది నిమిషాలు కూర్చోనిస్తాడేమో అడిగి చూస్తాను.